ముప్పై అంటే ఎంతసేపు?

మా భోపాల్‌పట్నం బస్టాండు దగ్గర టీ గ్లాసు చిన్నదైంది. ఎప్పుడు మార్చారో తెలియదు. అదే బండి, అదే మనిషి, గ్లాసు మాత్రం రెండు గుక్కలకే అడుగు చూపిస్తోంది. అడిగితే హిందీలో "గ్లాస్ తో గ్లాస్ హై, భయ్యా" అన్నాడు. గ్లాసంటే గ్లాసేనట. వాదించడానికి వీలున్న మాట కాదు.

నా వృత్తి మోటారు వైండింగ్. అంటే కాలిపోయిన బోరు మోటారులో పాత రాగి తీగ తీసి కొత్తది చుట్టడం. జగదల్‌పూర్‌లో బీఎస్సీ చదివి ఈ పనిలోకి వచ్చాను. మోటార్లు ఇంతవరకూ డిగ్రీ అడగలేదు. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి ప్రోగ్రాములు రాస్తాను. వానాకాలంలో చాలా రాస్తాను.

కిందటేడు, మిరప కోతల కాలం. బోరు మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన లక్ష్మక్క కూర్చుని గోడు చెప్పుకుంది. అంతకుముందు ఏడు కల్లంలో ఎండుతున్న కాయ అకాల వానకు తడిసి, బూజు పట్టి, సగం పారబోసిందట.

"ఇంట్ల ఉంటే కల్లం మీద మనసు, కల్లంల ఉంటే పొయ్యి మీద మనసు. బీఎస్సీ చదివినవు గద తమ్మీ, ఏదన్న చేయరాదు?"

నా చదువును అవసరానికి పిలిచిన మొదటి మనిషి ఆవిడే. తడి తగిలితే కనిపెట్టే సెన్సార్ పలక ఒకటి, ఊరంతా వినబడే సైరన్ ఒకటి, నా ప్రోగ్రామ్‌తో ఆ రెండింటినీ నడిపే డబ్బా ఒకటి తెచ్చి కల్లంలో బిగించాను. సెన్సార్ మాట అర్థం చేసుకునే కోడ్ నాది కాదు. ఇంటర్నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టిన లైబ్రరీ తీసుకున్నాను. లైబ్రరీ అంటే మరొకరు కట్టిపెట్టిన కోడ్ మూట. ముడి విప్పకుండానే వాడుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే.

మొదటి సాయంత్రమే సైరన్ మోగింది. చుట్టుపక్కల వాళ్లు టార్పాలిన్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆకాశం శుభ్రంగా ఉంది. కల్లం మధ్యలో లక్ష్మక్క చెంబుతో నిలబడి ఉంది. ఎండిన కాయ సంచుల్లో తొక్కేటప్పుడు విరగకుండా ముందుగా నీళ్లు చిలకరిస్తారు. ఆ చుక్కలు పలక మీద పడ్డాయి.

"ఏం మేస్త్రీ, మబ్బు లేదు ఏం లేదు. వాన నీ డబ్బలనే పడ్తందా ఏంది?" అన్నాడు పక్క చేను సమ్మయ్య.

లైబ్రరీలో డిలే అని ఒక సౌకర్యం ఉంది. తడి తగలగానే మోగకుండా, కాసేపు ఆగి, ఇంకా తడిగానే ఉంటే మోగుతుంది. పలకను ఏటవాలుగా పెట్టి, డిలే ముప్పై అని రాశాను. చిలకరించిన నీళ్లు జారిపోయేవి, సైరన్ నోరు మూసుకునేది. ముప్పై సెకన్లని వివరణ పేజీలో ఎక్కడా లేదు. పని జరుగుతోంది గనుక నేనూ అడగలేదు.

తరవాత కల్లం పెరిగింది. రెండో పలక పెట్టి ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించాను. ఆ సందట్లో కంప్యూటర్ తనంతట తానే లైబ్రరీ కొత్త వెర్షన్ తెచ్చుకుంది.

"రేపు పొద్దుగాల బీజాపూర్ పోతున్న, చెల్లెకు కాన్పు. కాయంతా కల్లంలనే ఉన్నది. నీ డబ్బ మీద భరోసతోటి పోతున్న తమ్మీ," అంది లక్ష్మక్క.

ఆ మాటకు ఒకసారి పరీక్షిద్దామని పలక మీద తడిగుడ్డ కప్పాను. సైరన్ మోగలేదు. తీగలు విప్పాను, బిగించాను, మళ్లీ గుడ్డ కప్పాను. మౌనం. సైరన్ మార్చాలేమో అనుకుని, తడిగుడ్డ అలాగే వదిలేసి టీకి వెళ్లాను. పైన చెప్పిన గ్లాసులో తాగి, నాలుగు మాటలాడి కల్లానికి తిరిగొచ్చేసరికి అరగంట దాటింది. సైరన్ ఊరు లేచేలా కూస్తోంది.

అప్పుడు మూట ముడి విప్పి, రాసినాయన కోడ్ వరసగా చదివాను. కొత్త వెర్షన్‌లో సెకన్లను నిమిషాలు చేశాడు. ఎవరికీ చెప్పలేదు. ముప్పై కొట్టేసి అర అని రాశాను. తడిగుడ్డతో రెండు పలకలనూ మళ్లీ పరీక్షించాను.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచింది. సైరన్ కూసింది, సమ్మయ్య వాళ్లు టార్పాలిన్లు లాగారు. కాయ నిలిచింది.

పరాయి కోడ్‌లో అంకె కనబడితే అది దేనికి లెక్కో ముందు అడగాలని ఈ వ్యవహారం నేర్పింది. లైబ్రరీ రాసినాయనకు ఒక వాక్యం రాసి పంపాను: "ఈ అంకె నిమిషాల్లో, పాత వెర్షన్‌లో సెకన్లలో." ఆయన బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, దాన్ని వివరణ పేజీలో చేర్చాడు. ప్రపంచంలో ఎవరు ఆ పేజీ తెరిచినా నా వాక్యం కనబడుతుంది. అప్పుడప్పుడు తెరిచి చదువుకుంటాను. శైలి పరవాలేదు.

లక్ష్మక్క తిరిగొచ్చాక, ఫోనులో ఆ పేజీ చూపించి, ముప్పై సెకన్ల కథ మొదటినుంచీ చెప్పాను. ఆవిడ ఒక కాయ తీసి, విరిచి, ఎండిందో లేదో చూసుకుని అంది:

"అంటే వాన మొదలైనంక ముప్పై సెకండ్లు అది సప్పుడు చేయకుంట కూసుంటదా? గప్పటిదాంక తడిసేది నా కాయనేనా?"