పుట్ట ముందు చప్పట్లు

మా మేనత్త చేనిలో కాలు పెట్టే ముందు రెండు చప్పట్లు కొట్టేది. "నేనేప్పా, వస్తాండా" అని చేను మధ్యనున్న పాముపుట్టకు చెప్పేది.

ఒక కరువు ఏడాది, బోరుకు నీళ్లజాడ చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి తిరిగి, సరిగ్గా ఆ పుట్ట దగ్గరే ఆగాడు. మామ బోరుబండి తెప్పించాడు. అత్త పోయి పుట్టకు అడ్డంగా కూర్చుంది.

"ఒకరి ఇల్లు కూలగొట్టి మనం నీళ్లు తాగాల్నా?"

బండి వెనక్కి పోయింది. దాని వెనకే వేరుశనగ పంటా పోయింది.

నాగులచవితికి అత్త ఎప్పట్లాగే పుట్టలో పాలు పోసింది. దండం పెడుతుందనుకుంటే, నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీ ఇల్లు నేను నిలబెట్టినా నాగప్పా. వాన సంగతి నువ్వు చూడు. వచ్చే ఏడు నీకు పాలు పొయ్యాలంటే మా ఆవుకు మేత కావల్ల కదా!"