చుట్టాల బిందె

ఎనభైల మొదట్లో మంత్రాలయం దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. ఊళ్లో బోరు నీళ్లు వట్టి ఉప్పు. పప్పు ఉడకదు, పిల్లల పళ్లన్నీ గారపట్టాయి. మంచినీళ్లు కావాలంటే తుంగభద్రకు మైలు నడవాలి. అందుకే ప్రతి ఇంట్లో ఒక బిందె ఏటి నీళ్లు చుట్టాల కోసం విడిగా ఉంచేవాళ్లం. ఇంటివాళ్లం వాటిని ముట్టుకోం.

ఒక మధ్యాహ్నం భూగర్భజలాన్ని పరీక్షకు తీసుకెళ్లాలని ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా అత్త అలవాటుగా ఆ బిందెలోని నీళ్లే ఇచ్చింది. ఆయన తాగి, తన సీసాలు కూడా అందులోనే ముంచి, ‘బోరు నీళ్లు’ అని చీటీలు అంటించాడు.

"బోరు ఆడుండాది సార్" అంది అత్త.

"అన్నీ ఒకటేలేమ్మా. ఈ ఎండలో అక్కడిదాకా ఎవరు పోతారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా మగవాళ్ల ఎదుట గొంతెత్తని దాన్ని, బోరు కొట్టి చెంబెడు నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"మేం తాగేది ఇవి. తాగు సార్."

ఆయన ఒక గుక్క తాగి, మా గడప పక్కనే ఉమ్మేశాడు.

నన్ను తిడుతుందనుకున్న అత్త లేచి, ఆ సీసాలు లాక్కొని కుడితి తొట్లో వంపేసింది.

"ఇవి సుట్టాలకు పెట్టుకున్న నీళ్లప్పా. నువ్వు సుట్టానివి కాదులే. బోరు కాడికి పో."

ఆయన ఖాళీ సీసాలు తీసుకొని వెళ్లి బోరు నీళ్లు పట్టుకున్నాడు.

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. ఆయన ఉమ్మేసిన ఆ నీళ్లే తాగి నా పిల్లలు పెరిగారు.