మరమగ్గాల వాళ్ల మాట

కాలవ గట్టున ఉన్న ఎర్రిటుకల బట్టల మిల్లు మూతపడి, చారిత్రక కట్టడమనే హోదా సంపాదించింది. దానితోపాటు అందులో పనిచేసిన ముసలాయనకు గైడు పదవి దక్కింది. బొగ్గు పడవలు ఎక్కడ ఆగేవో, పొగగొట్టం ఎవరు కట్టారో ఆయన ఊరంతటికీ వినబడేలా సెలవిస్తాడు. ఆయన చెవులను మరమగ్గాలు ఎప్పుడో సగం ఆరగించాయి. ఆ హోరులో అరిచి లాభం లేదని అక్కడి వాళ్లంతా చప్పుడు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. ఎదుటి మగ్గం మీది పిల్లతో ఆయన ప్రేమా, పెళ్లిమాటా, తొలి తగాదా అన్నీ అలాగే జరిగాయి. పక్కనున్న నలభై మందీ వాళ్ల పెదవుల మీద అవన్నీ చదివేశారు కూడా.

మొన్న ఆస్పత్రిలో ఆ ఇల్లాలికి గొంతు పూర్తిగా పోయింది. "ఇక మాట్లాడలేరండీ," అంది నర్సు జాలిగా.

"పొద్దుట్నుంచీ నన్ను తిడుతూనే ఉందమ్మా, మీకు వినపడ్డం లేదంతే," అన్నాడాయన. నర్సు నవ్వి వెళ్లిపోయింది.

నిజానికి ఆమె పెదవులు పొద్దుట్నుంచీ ఒకే మాట అంటున్నాయి: "ఇంటికి పోదామయ్యా." ఆమె ఇక ఇల్లు చేరదని డాక్టరు ఆయనకు ముందే చెప్పాడు. ఆయన మంచం మీదికి వంగి, ఆమెకు కనబడేలా మెల్లగా పెదవులు కదిలించాడు: "షిఫ్టు అవనీ. కలిసే పోదాం."