కట్లు కట్టిన కళ్ళ ముందు నాట్యం

డెబ్బైల మధ్యలో మేము లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఉండేవాళ్ళం. మావారు అందులో ఫోర్‌మన్. సాయంత్రాలు తోచక ఆయన ఒక సేవా క్లబ్బులో చేరారు. నెలకు రెండు శనివారాలు కాలనీ రీడింగ్ రూములో సమావేశం. అధ్యక్షుడు చిన్న గంట కొట్టేవారు, కార్యదర్శి కిందటిసారి తీర్మానాలు చదివేవారు, ఆ తర్వాత టీ. సభ్యుల భార్యలం వెనక వరుసలో కూర్చునేవాళ్ళం. నేను గుంటూరులో బి.ఏ. చదివానని తెలిశాక ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని నాకు అప్పగించారు.

ఆ ఏడు హాలెండు నుంచి పదిహేడేళ్ళ అమ్మాయి వచ్చింది. దేశాల మధ్య విద్యార్థుల్ని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఒకటి ఉండేది. అధ్యక్షుడి ఇంట్లో ఉండేది, ఆయనకు మూసాపేటలో కలప డిపో. ఎక్కడికి వెళ్ళినా మాట సాయానికి నేను వెంట ఉండాలి. నన్ను "అక్కా" అనేది. చెక్క బూట్లు తొడుక్కుని వాళ్ళ దేశపు నాట్యం చేసేది.

చలికాలంలో క్లబ్బు మా కాలనీ బడిలో కంటి శిబిరం పెట్టింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ముప్పైమందికి శుక్లాలు తీశారు. అప్పట్లో ఆపరేషన్ అయ్యాక రెండు కళ్ళకూ కట్టు కట్టి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు. జావ తాగించడం, ఒత్తిగిలకుండా చూడటం మాలాంటి వాలంటీర్ల పని.

"పాపం, పేషెంట్లకు పొద్దుపోతలేదు. మన పిల్ల డ్యాన్సు పెడదాం, జర ఖుషీ అయితరు" అన్నారు అధ్యక్షుడు సమావేశంలో. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. వాళ్ళ కళ్ళకు కట్లున్నాయన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు డాక్టరుగారికి చెబితే ఆయన అడిగారు: "చూసేదెవరండీ?"

అధ్యక్షుడు బయట కూర్చున్న జనాన్ని చూపించారు. "వాళ్ళ చుట్టాలు గిట్ల ఉన్నరు గద సార్" అన్నారు.

"సరే. కానీ ఎవరూ నవ్వకూడదు, దగ్గకూడదు, తల తిప్పకూడదు. కుట్లు తెగితే చేసిందంతా వృథా."

ఈ మాటలన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె రోగుల గదిలోకి వెళ్ళి, రెండు వరుసల చాపల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది. బయట చుట్టాల ముందు వద్దు, ఇక్కడే చేస్తానంది. పాట రికార్డు కూడా వద్దంది. చెక్క మీద అడుగులు బాగా వినిపిస్తాయట. అధ్యక్షుడు డిపో నుంచి నాలుగు టేకు పలకలు తెప్పించి గది మధ్యలో పరిపించారు.

నాట్యం మొదలైనప్పుడు నేను గోపన్‌పల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ పక్కన ఉన్నాను.

"ఏందమ్మా ఆ సప్పుడు? బండొచ్చిందా?"

"కాదు అవ్వా, ఒకమ్మాయి నాట్యం చేస్తోంది. చెక్క బూట్లు తొడుక్కుంది. పావుకోళ్ళలాంటివి."

"సాధువులు తొడిగేటియా? ఆడిపిల్ల?"

నాకు నవ్వొచ్చింది. "నవ్వకూడదు అవ్వా" అన్నాను.

"నేనేడ నవ్విన? నువ్వే నవ్వుతున్నవ్."

ఇప్పుడు మడమ మీద తిరిగింది, ఇప్పుడు చేతులు నడుముకు ఆనించింది అని ఆమెకు చెబుతూ పోయాను. అవతలి వరుస నుంచి ఒక ముసలాయన "జర గట్టిగ చెప్పమ్మా, మాకు గూడ" అన్నాడు. మగవాళ్ళున్న గదిలో అంతకు ముందు నేనెప్పుడూ గొంతెత్తి మాట్లాడలేదు. లేచి నిలబడి చెప్పాను. కాసేపటికి ఆ ముసలాయన వేళ్ళు చాప మీద తాళం వేయసాగాయి. తర్వాత ఇంకొకరివి. తలలు మాత్రం కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ డాక్టరుగారు ఒక్కొక్కరినే చూసుకుంటున్నారు.

నాట్యం ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కదలకూడదని చెప్పాం గదా. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "నచ్చలేదా అక్కా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఆగిందేంది? ఇంకోపారి ఎయ్యమను" అంది అవ్వ.

ఆ మధ్యాహ్నం మొత్తం మూడుసార్లు చేసింది.

కట్లు విప్పే రోజుకు ఆ అమ్మాయి అధ్యక్షుడి కుటుంబంతో మద్రాసు వెళ్ళింది. అవ్వ కళ్ళు చికిలించి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా ఎగిరింది?"

"కాదు, చెప్పింది నేను. ఆ అమ్మాయిది హాలెండు. తెల్లగా ఉంటుంది, జుట్టు పచ్చగా ఉంటుంది."

"దొరసాన్యా? మరి గా ముచ్చట చెప్పకపోతివి!"

నిజమే. పాదాల గురించి, చేతుల గురించి చెప్పాను గాని ఆ సంగతి నా నోట రాలేదు. ఆమె కొడుకు నల్ల కళ్ళద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిపించుకు వెళ్ళాడు. నేను ఇసుక సంచులు లెక్కపెట్టి గదిలో ఒక మూల పేర్చాను.