పేలకు!

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సులో నా పక్కన ఖాకీ యూనిఫాం వేసుకున్న ఒకావిడ కూర్చుంది. పేటలో ఎన్‌సీసీ ఆడపిల్లలకు రైఫిల్ కాల్చడం నేర్పుతుందట. అది తొంభైల చివర. ఆ మాట చెవినపడ్డాక కండక్టరు కూడా ఆవిణ్ణి "జరగండి" అనలేదు.

ముందు సీట్లోంచి ఒక మిర్చి రైతు వెనక్కి తిరిగాడు. పక్కన కూతురు.

"మా పిల్ల కూడా మీ దగ్గర పేరిచ్చిందండి. మాన్పించేస్తున్నా. ఆడపిల్ల చేతిలో తుపాకీ పేలితే?"

"పేలకుండా పట్టుకోవడమే ముందు నేర్పుతానండి. ఖాళీ తుపాకీ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు, తనే తెరిచి చూసుకోవాలి. గొట్టం మనిషి వైపు తిప్పితే ఆ రోజుకి ఇంటికి పంపేస్తా."

"నేను మానను నాన్నా," అంది కూతురు.

"నోర్ముయ్యవే, పేలకు!" ఆయన వేలు ఆ పిల్ల ముక్కు దాకా వెళ్లింది.

"మనిషికి గురిపెట్టకూడదన్నానుగా. దించండి," అంది ఆవిడ, క్లాసులో చెప్పినట్టే.

ఆయన దించేశాడు. తర్వాత ఎందుకు దించానా అని బస్సంతా చూశాడు.

"మేడమ్, రేపు ఎన్నింటికి రావాలి?" కూతురు గట్టిగా అడిగింది.

"ఆరింటికి."

"ఆరింటికి బస్సెక్కడుందే?" అన్నాడాయన.

"సైకిలుంది."

ఆవిడ పేరు నేనడగలేదు. పొద్దున్నే వెనక సైకిల్ బెల్లు వినిపిస్తే మాత్రం ఇప్పటికీ మర్యాదగా తప్పుకుంటాను.