ఐసులో పెట్టిన రెండు రబ్బరు ముక్కలు

మా ఆవిడ పోయి ఇరవై ఆరు రోజులైంది. గుండెపోటు. నిజామాబాద్ దవాఖానకు చేరేలోపే అయిపోయింది. పదకొండో రోజు దాటాక దుకాణం తెరిచాను. తెరవడమంటే షట్టర్ ఎత్తి కుర్చీలో కూర్చోవడమే.

మొన్న ఒక లారీ డ్రైవరు అరిగిన టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. మహారాష్ట్ర వైపు తిరిగే మనిషి. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. సంగతి తెలియదు. "అక్క లేదా?" అన్నాడు. లేదన్నాను. "ఎప్పుడొస్తది?" అన్నాడు.  అంతలో అతడే గోడ మీది ఫొటో చూశాడు, దానికి వేసిన దండ చూశాడు. టైరును గుంజకు ఆనించి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి నిలబడ్డాడు. పోయేటప్పుడు ఒక్క మాట అన్నాడు.

"ఏ తొవ్వల పోతవని ఇగ ఎవలడుగుతరు సార్?"

ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆర్మూర్‌లో పెర్కిట్ వైపు వెళ్లే రోడ్డు మీద మాది టైర్లకు రబ్బరు ఎక్కించే దుకాణం. అరిగిన టైరును గీకి, కొత్త రబ్బరు పట్టీ అతికించి, అచ్చులో బిగించి ఆవిరి మీద ఉడికించడం పని. మా మామగారు మొదలుపెట్టారు. ఆయనకు ఆవిడ ఒక్కతే సంతానం. ఆయన చూపు తగ్గాక ఆవిడే చేతితో తడిమి టైరు మంచిచెడ్డలు చెప్పేది. పెళ్లయ్యాక నేను బీకాం పట్టాతో వచ్చి బిల్లులు రాశాను. టైర్లు మాత్రం ఆవిడవే. పసుపు ఉడికే రోజుల్లో చుట్టుపక్కల పొలాల్లో పొగ లేస్తుంటే, ఊరంతా పసుపు ఉడకబెడుతుంది, మనం రబ్బరు ఉడకబెడతాం అని నవ్వేది.

ఆవిడ పని తీరు ఒకటుండేది. టైరు తెచ్చిన మనిషి అది దించి రేటు అడిగేవాడు. ఆవిడ టైరు వంక చూసేదే కాదు. "తొవ్వ చెప్పు మొదలు" అనేది. ఎటు పోతావు, ఏం లోడు, ఏ నెలలో పోతావు, పొలంలోకి దిగుతావా, ఘాట్ ఎక్కుతావా. అన్నీ విన్నాక అప్పుడు వంగి, బొటనవేలి గోరుతో రబ్బరును ఒత్తి చూసేది. గోరు ఎంత దిగితే రబ్బరు అంత మెత్తన. ఎండాకాలం నాగ్‌పూర్ రోడ్డు మీద తిరిగే లారీకి గట్టి రబ్బరు. వానల్లో నల్లరేగడిలో దిగే ట్రాక్టరుకు, జీపుకు మెత్తటిది, లోతైన పళ్లు ఉన్నది. తొందరపడే డ్రైవర్లు విసుక్కునేవారు. అన్ని కాలాలకూ ఒకటే వేసి పంపమ్మా అనేవారు. "అన్నిటికి పనికొచ్చే టైరు దేనికైనా సగమే పనికొస్తది" అనేది. అయినా అడిగితే వేసిచ్చేది. ఆ సగం ఏదో మాత్రం చెప్పి పంపేది.

ఎనభైలలో మేం ఒక లారీ కొన్నాం. అది నా సరదా. నేనే నడిపేవాణ్ని. తోడుగా వేల్పూర్ నుంచి ఒక మాజీ సైనికుడు వచ్చేవాడు. మిలటరీలో పదిహేనేళ్లు ట్రక్కు తోలిన మనిషి. అందరం ఫౌజీ అన్న అనేవాళ్లం. ఒక జనవరిలో, కొత్త పంట ఇంకా తవ్వకముందు, మార్కెట్‌లోని ఒక కమీషన్ ఏజెంట్ నిల్వ పసుపు నేరుగా శ్రీనగర్ పంపాలన్నాడు. అంత దూరం మన వైపు లారీలు పోయేవి కావు. సరుకు ఢిల్లీలో దించితే అక్కడివాళ్లే తీసుకెళ్లేవారు. నాకు మంచు చూడాలని ఉంది. ఒప్పుకొని ఇంటికొచ్చి చెప్పాను.

 ఆవిడ అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. తొవ్వ చెప్పమంది.

నేనేం చెబుతాను? ఆర్మూర్‌లో పుట్టినవాణ్ని. ఫౌజీ అన్నను పిలిపించింది. ఆయన కుర్చీలో కూర్చుని మంచు గురించి చెప్పాడు. కొత్తగా పడ్డది పిండిలా ఉంటుంది, పాతది సబ్బులా ఉంటుంది, నీడ పట్టున కనపడనిది ఉంటుంది, అది అన్నిటికన్నా చెడ్డది. ఆవిడ ఏ ఒక్కటీ వదలకుండా అడిగింది. చివర్లో ఆయన చేయి ఊపేశాడు. చక్రాలకు గొలుసులు కడితే ఏ టైరైనా ఒకటే, ఇదే లారీ ఇవే టైర్లతో పోయి వస్తుంది అన్నాడు. నాదీ అదే మాట. వెళ్లేది రెండు వేల చిల్లర కిలోమీటర్లు, అందులో మంచు ఉండేది ఏ మూలనో నూరు కిలోమీటర్లు. దానికోసం టైర్లు మార్చడమేమిటి?

"గొలుసు ఎప్పుడు కడ్తరన్నా?" అని అడిగింది.

"మంచు కనవడ్డప్పుడు, చెల్లె."

"మరి కనవడనిది అన్నవు గద?"

ఫౌజీ అన్న నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

మర్నాడు ఆవిడ గట్టి రబ్బరు ముక్క ఒకటి, మెత్తటి రబ్బరు ముక్క ఒకటి కోసుకుని చేపల మార్కెట్‌కు వెళ్లింది. మెండోర నుంచి ప్రాజెక్టు చేపలు తెచ్చి అమ్మే ఆమె ఒకతి ఉండేది. ఊళ్లో చలికాలంలో కూడా ఐసు ఉండేది ఆమె పెట్టెలోనే. రంపపు పొట్టు కింద ఐసు, ఐసు కింద చేపలు. ముక్కలు రెండూ అందులో పెట్టనిమ్మని అడిగింది. ఐసు మీద దోసెడు ఉప్పు కూడా చల్లింది. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుందని కుల్ఫీ చేసేవాళ్లను చూసి తెలుసుకుంది. చేపలామె ఊరుకుంటుందా. రబ్బరు కూర ఎట్లా వండుతారో నాకూ చెప్పు, కారం ఎంత వెయ్యాలి అని నలుగురూ వినేట్టు అడిగిందట.

తెల్లారి ఆ ముక్కలు తెచ్చి నా ముందు పెట్టింది. చేపల వాసన.

"ఒత్తుండ్రి."

గట్టి రబ్బరు మామూలుగానే గట్టిది. ఇప్పుడది షాబాద్ బండ. గోరు జారింది. రెండోదాన్ని ఒత్తాను. గోరు దిగింది.

"బండ మీద బండ ఆగదు" అంది. 

వారం పట్టింది. వెనక చక్రాలకు నాలుగు టైర్లు మెత్తటి రబ్బరుతో, లోతైన పళ్ల అచ్చులో తనే దగ్గరుండి ఉడికించింది. ముందు చక్రాలకు రబ్బరు ఎక్కించిన టైరు వేయడం మా దుకాణంలో లేదు. వాటికి హైదరాబాద్ నుంచి కొత్తవి రెండు తెప్పించింది, గోరు దిగేవి. ఆరు టైర్లూ పసుపు బస్తాల మీద పెట్టి తాడు బిగిస్తుంటే, ఇది లారీయా లగ్గం సామాన్ల బండా అని ఫౌజీ అన్న అడిగాడు. మలుపుకునేది ముందటి చక్రాలతో, ఆపుకునేది ఆరింటితో, ఏవి దింపమంటావో చెప్పు అని ఆయన్నే అడిగింది. ఆయన తాడు బిగించడంలో పడ్డాడు.

బయల్దేరేటప్పుడు నాకు రెండు మాటలు చెప్పింది. జమ్ము చేరకముందు ఇవి ఎక్కించకూడదు, ఎండ రోడ్డు మీద అరిగిపోతాయి. వచ్చేటప్పుడు జమ్ములోనే దింపేయాలి. మొదటి మాట విన్నాను.

జమ్ములో టైర్లు మార్పించి, పాతవి అక్కడి మేస్త్రీ దగ్గర పెట్టాం. తరువాత ఉధంపూర్‌లో రోడ్డు తెరిచేదాకా ఎనిమిది రోజులు ఆగాం. మంచు గురించి పెద్దగా రాయలేను. తెల్లగా ఉంది. చప్పుడు లేదు. కనుమ కింది సొరంగం దాటేదాకా గొలుసులతో వెళ్లాం. అవతల దిగుడులో ఎండ కాసి రోడ్డు నల్లగా బయటపడింది. ఫౌజీ అన్న గొలుసులు విప్పేశాడు. రెండు మలుపుల తరువాత కొండ నీడ వచ్చింది. అక్కడ కూడా రోడ్డు నల్లగానే ఉంది. మా ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి అడ్డంగా తిరిగి, మెల్లగా, ఎవరో తోస్తున్నట్టు జారి కొండకు ఆనుకుంది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. మాది కూడా కదిలింది. కదిలి, మళ్లీ పట్టుకుంది. ఆగింది. ముందు లారీకీ మాకూ మధ్య ఒక మంచం పట్టే జాగా ఉంది. ఎడమ పక్క లోయ.

టైర్లే ఆపాయని ఒట్టు వేసి చెప్పలేను. నెమ్మదిగానే వస్తున్నాం. కానీ ఫౌజీ అన్న దిగి, వెనక చక్రం దగ్గర వంగి, బొటనవేలి గోరుతో రబ్బరును ఒత్తి చూశాడు. లేచి వచ్చి కూర్చున్నాడు. "మిలటరీల చెల్లె లేకపాయె" అన్నాడు. 

తిరుగు ప్రయాణంలో జమ్ము మేస్త్రీ దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. టైర్లు మార్చాలంటే ఒక పూట ఆగాలి. ఇంటికి పోవాలని ఉంది. మా పాత టైర్లు తీసుకుని వెనక పడేసి, ఎక్కినవాటితోనే బయల్దేరాను. తిరుగు లోడు కోసం ఢిల్లీలో కొన్నాళ్లు ఆగేసరికి మార్చి వచ్చింది. నాగ్‌పూర్ దాటాక ఎండలో వెనక టైరు రబ్బరు పట్టీ లేచింది. నిర్మల్ రాకముందే ఇంకోటి. మంచి టైర్లు లోడు అడుగున ఇరుక్కున్నాయి, వెనక జంటల్లో మిగిలిన చక్రాల మీదే మెల్లగా ఇల్లు చేరాం.

ఆవిడ బయటికొచ్చి ముందు నన్ను చూసింది. కాళ్లూ చేతులూ లెక్కపెట్టినట్టు చూసింది. తరువాత లారీ చుట్టూ తిరిగింది. పట్టీ లేచిన చోట ఆగింది. లోడు సందులోంచి కనబడే మంచి టైర్ల వంక చూసింది.

"స్వెటర్ ఏడ విప్పిండ్రు?"

"ఢిల్లీలో. ఉక్కపోసింది."

"మరి బండికి?"

ఫౌజీ అన్న మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. ఆ ప్రశ్న నాకు జీవితాంతం మిగిలింది. ఏదైనా పని అయిపోయాక కూడా పట్టుకు వేలాడుతుంటే ఆవిడ అదే అడిగేది, మరి బండికి అని.

నాలుగు రోజుల తరువాత చేపలకు వెళ్లాను. చేపలామె నన్ను చూసి, ఇక నీ పెండ్లాం నా ఐసు జోలికి రాదులే అంది. ఎందుకన్నాను.

"నీకెర్క లేదా? నువ్వు పోయిన కాడికెల్లి పొద్దుగాల్నే వస్తుండె. గా ముక్కలు తీసి, గోరుతోని ఒత్తి సూసి, మల్ల ఐసుల పెట్టి పోతుండె. ఒక్క దినం తప్పలే. మాట్లాడకపోతుండె కూడ."

అన్నం తినేటప్పుడు ఆవిడను అడిగాను. తెలిసిన సంగతే కదా, రోజూ ఏం చూశావన్నాను.

"ఒక్క రాత్రి సూసి మిమ్ములను పంపిన. మీరు ఆడ ఎన్ని రాత్రులు ఉంటరో. అన్ని రాత్రులకు గట్టివడితే?"

"గట్టిపడితే ఏం చేసేదానివి? నాకు చెప్పే దారి కూడా లేదు."

కూర వడ్డించింది. "ఏం జేస్తుంటి. ఏం లేదు. ఎర్కన్న ఉంటుండె."

అప్పటిదాకా ఆవిడకు టైర్ల విషయంలో అనుమానమే ఉండదనుకున్నాను. డ్రైవర్లందరూ అలాగే అనుకునేవారు. ఎటు పోతావని అడగడం తెలివి చూపించుకోవడానికి కాదని ఆ రోజు తెలిసింది. తను చెప్పిన టైరు మీద మనిషి పోతున్నాడు. ఆ మనిషితోపాటు తనూ ఆ తొవ్వ అంతా పోయేది. ఊరు దాటి ఎన్నడూ పోని మనిషి. తిరిగి వచ్చిన ప్రతి డ్రైవరును ముందు కాళ్లూ చేతులూ చూసి, తరువాతే టైరు చూసేదని కూడా ఆ తరువాతే గమనించాను. నేను ఆవిడకు మంచి మాట ఎన్నడూ చెప్పలేదు. చెప్పేవాణ్ని కాను. ఇక్కడ చెబుతున్నాను.

లారీ రెండేళ్లకు అమ్మేశాం. ఫౌజీ అన్న వేల్పూర్‌లోనే ఉన్నాడు. మొన్న వచ్చి ఒక పూట నా పక్కన ఊరికే కూర్చుని వెళ్లాడు.

ఆ రెండు ముక్కలూ దుకాణం సొరుగులో సుద్దముక్కల మధ్య ఉండేవి. ఆవిడ వాటిని పారేయలేదు. నేను ఎందుకని అడగలేదు. డ్రైవరు వచ్చి వెళ్లిన రోజు సొరుగు తీసి వాటిని ఇంటికి తెచ్చాను. కొన్నేళ్ల కింద ఆవిడ ముచ్చటపడి కొన్న ఫ్రిజ్ ఉంది. ఇప్పుడందులో పెద్దగా ఏమీ లేదు. పైన ఐసు అరలో రెండూ పెట్టాను.

పొద్దున లేచి తీశాను. గట్టిదాని మీద గోరు జారింది. రెండోదాన్ని ఒత్తాను. మునుపంత కాదు. అయినా దిగింది. గోరు తీశాక ఆ గుంట మెల్లగా, చాలా మెల్లగా పూడుకుంది. అది పూర్తిగా పూడేదాకా చూశాను.

మళ్లీ లోపల పెట్టి తలుపు వేశాను. ఒక్క రాత్రి చూస్తే తెలియదు.