ముందు చేసినవాడు

మెకానిక్ భార్య కారు ఆ పొద్దున కూడా సిగ్నల్ దగ్గర చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆవిడ నేరుగా భర్త షెడ్డుకు వచ్చి, "ఇవాళ కూడా బాగవకపోతే ఎదురు షెడ్డులో ఇచ్చేస్తా" అంది. ఆయన గబగబా బానెట్ ఎత్తాడు. సొంత పెళ్ళామే ఎదురు షెడ్డు మెట్లెక్కితే వీధిలో ఇక తన మొహం ఎవరు చూస్తారు? ఏ బానెట్ ఎత్తినా అంతకుముందు చేసినవాణ్ణి నాలుగు తిట్టనిదే ఆయనకు చెయ్యి ఆడదు. ప్లగ్గులు మార్చాడు, తిట్టాడు, వణుకు తగ్గలేదు. ఇంజన్ ఆడుతుండగానే చెవి దగ్గరగా పెడితే ఎక్కడో బుస్సుమంటోంది. ఇంజన్‌లోకి గాలిని లాక్కునే సన్నటి రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో గట్టిగా పట్టుకోగానే వణుకు ఆగింది. గొట్టం పగిలి ఉంది. పగులు మీద ఎప్పుడో చుట్టిన నల్ల టేపు ఊడి వేలాడుతోంది.

"ఎవడే ఈ తలమాసినవాడు? గొట్టం మార్చకుండా టేపు చుట్టి చేతులు దులుపుకున్నాడు!"

"ఈ కారును మీరు తప్ప ఇంకెవరు ముట్టుకున్నారండీ?"

ఆయన గ్రీజు చేత్తోనే బుర్ర గోక్కున్నాడు.

"అయితే వాణ్ణి ఇవాళే పనిలోంచి తీసేస్తున్నా."

"తీసేసేముందు కొత్త గొట్టం వేయించండి."

వేశాడు. ఇంజన్ వేగం చూపే ముల్లు ఎనిమిది వందల దగ్గర కదలకుండా నిలబడింది.